గల్లీ మలిచిన వేళ్లు

క్రికెట్ బంతిని ఎలా పట్టుకోవాలో పుస్తకాల్లో బొమ్మలు వేసి మరీ చెబుతారు. చూపుడువేలు ఇక్కడ, మధ్యవేలు అక్కడ, బొటనవేలు కింద... అంతే. అలా కాకుండా ఇంకెన్ని రకాలుగా పట్టుకోవచ్చో చూడాలనుందా? అయితే హైదరాబాద్ పాతబస్తీకి రండి. చార్మినార్ చూడ్డానికి వచ్చేవాళ్లలా సాయంత్రం కాదు, పొద్దున్నే రండి.

పాతబస్తీలో దుకాణాలు తీరిగ్గా తెరుచుకుంటాయి. పత్తర్‌గట్టీలో బట్టల కొట్లు, లాడ్ బజార్‌లో గాజుల అంగళ్లు షట్టర్లు ఎత్తేసరికి పదకొండు కొడుతుంది. రాత్రి బాగా పొద్దుపోయేదాకా బేరాలు సాగించిన బజారు మరి, ఆ మాత్రం నిద్ర పోవద్దూ! ఆలోగా ఆ వీధులన్నీ కుర్రాళ్లవే. ఆదివారమైతే చెప్పనే అక్కర్లేదు. ఒక గల్లీలో మూడు మ్యాచ్‌లు. ఒకరి ఫీల్డర్ ఇంకొకరి పిచ్ మీద నిలబడి ఉంటాడు. ఎవరి బంతి ఎవరిదో వాళ్లకు మాత్రమే తెలుస్తుంది.

మూసిన షట్టరే వికెట్. దాని మీద ఇటుకపెళ్లతో మూడు గీతలు. బంతి తగిలితే 'ధన్'మని మోగుతుంది కాబట్టి తగిలిందా లేదా అన్న తగాదా లేదు. తగాదా అంతా గీతల లోపల తగిలిందా, బయట తగిలిందా అన్నదాని మీదే. బంతి ఎవరింట్లోనైనా పడితే బ్యాట్స్‌మన్ ఔట్. ఒక్కసారి నేలకు తగిలి లేచిన బంతిని ఒంటి చేత్తో పట్టినా ఔటే. ఇలాంటి రూల్స్ మన ఊళ్లలోనూ ఉన్నవే. పాతబస్తీలో చూడాల్సింది బౌలర్‌ని.

పాపం, అతనికి పరిగెత్తడానికి చోటెక్కడ? వెనక ఆటో ఆగి ఉంటుంది. పక్కన మ్యాన్‌హోల్ మూత. మహా అయితే మూడడుగులు. ఆ మూడడుగుల్లో బ్యాట్స్‌మన్‌ని బోల్తా కొట్టించాలి. అందుకే కాళ్లు చేయలేని పని వేళ్లతో చేయిస్తాడు. ఒకడు బంతిని బొటనవేలికీ మడిచిన మధ్యవేలికీ మధ్య ఇరికించి, వీణ తీగను మీటినట్టు మీటుతాడు. ఇంకొకడు నాలుగు వేళ్లూ పైనుంచి కప్పి, చివరి క్షణంలో అరచెయ్యి ఆకాశం వైపు తిప్పేస్తాడు. మరొకడు గోళ్లతో గిచ్చి పట్టుకుంటాడు. బంతి గిర్రున తిరుగుతూ వచ్చి బ్యాట్స్‌మన్ కాళ్ల సందులోంచి షట్టర్‌ను మోగిస్తే, 'క్యా డాలా రే!' అని ముందుగా అరిచేది ఔటైనవాడే.

కారమ్స్ బోర్డు పక్కనే

వేళ్లకు ఇంత నేర్పు ఎక్కడినుంచి వచ్చిందని అనుమానం వస్తే, రాత్రి పూట అదే గల్లీలోకి మరోసారి వెళ్లండి. దీపస్తంభం కింద స్టూలు మీద కారమ్స్ బోర్డు. చుట్టూ నలుగురు ఆడేవాళ్లు, పధ్నాలుగు మంది సలహాలిచ్చేవాళ్లు. పౌడర్ చల్లిన చెక్క మీద స్ట్రైకర్‌ను ఒక్క వేలితో ఎంత బలంగా, ఎంత సున్నితంగా కొట్టొచ్చో పాతబస్తీ పిల్లాడికి లెక్కల ఎక్కాల కంటే ముందే వస్తుంది. బంతిని మధ్యవేలితో మీటి వేసే ఎత్తుగడకు ప్రపంచం 'కారమ్ బాల్' అనే పేరు పెట్టిందంటే ఊరికే కాదు. శ్రీలంక బౌలర్ అజంతా మెండిస్ 2008లో కరాచీలో ఆసియా కప్ ఫైనల్లో 13 పరుగులకే మన వికెట్లు ఆరు పడగొట్టినప్పుడు టీవీల ముందు కూర్చుని జుట్టు పీక్కున్నవాళ్లకు ఆ పేరు బాగా గుర్తుండే ఉంటుంది. మన అశ్విన్ కూడా దీన్ని ఏ అకాడమీలోనో నేర్చుకోలేదు. చెన్నై వీధుల్లో టెన్నిస్ బంతితో ఆడేటప్పుడు పట్టాడు. చిటికె వేయడాన్ని తమిళంలో ఏమంటారో ఆ మాటతోనే అక్కడ ఆ బంతిని పిలుస్తారు.

అసలు క్రికెట్‌ చరిత్రలో వింత బంతులన్నీ మైదానానికి దూరంగానే పుట్టాయి. గూగ్లీనే తీసుకోండి. లెగ్‌స్పిన్‌లా కనబడి అటు తిరగాల్సింది ఇటు తిరిగే ఆ మాయబంతిని కనిపెట్టిన బోసాంకే అనే ఇంగ్లండ్ ఆటగాడు దాన్ని మొదట సాధన చేసింది బల్ల మీద. 1897 ప్రాంతంలో, టెన్నిస్ బంతితో! బల్లకు అటువైపు కూర్చున్నవాడికి అందకుండా బంతిని బల్ల మీద తిప్పి పంపడం అప్పట్లో ఒక కాలక్షేపం. అది అలాగే ముదిరి 1900లో లార్డ్స్‌ మైదానానికి చేరింది. మొదటి బాధితుడు లీస్టర్‌షైర్‌కు చెందిన కో. సెంచరీకి రెండే పరుగుల దూరంలో ఉన్నాడు. బంతి నాలుగుసార్లు నేలను తాకుతూ వచ్చిందట. అయినా స్టంపౌటయ్యాడు. 

ఆస్ట్రేలియా జాక్ ఐవర్‌సన్ కథ ఇంకా విచిత్రం. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా న్యూగినీ వెళ్లి, తీరిక వేళల్లో పింగ్‌పాంగ్ బంతిని మధ్యవేలు మడిచి మీటుతూ కూర్చున్నాడు. ఆ సరదానే క్రికెట్ బంతికి అంటించి 1950-51 యాషెస్ సిరీస్‌లో 21 వికెట్లు తీశాడు. ఆడిన టెస్టులు ఆ అయిదే.

బల్ల, సైనిక శిబిరం, వీధి... మూడు చోట్లా ఒకటే పోలిక. చోటు తక్కువ, బంతి తేలిక, 'అలా కాదు, ఇలా పట్టుకో' అనే పెద్దమనిషి దగ్గర్లో లేడు.

బంతి బరువు చెప్పే పాఠం

టెన్నిస్ బంతి బరువు సుమారు 58 గ్రాములు. అసలు క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాముల దాకా ఉంటుంది. అంటే దాదాపు మూడోవంతు. పరిమాణంలో కూడా టెన్నిస్ బంతి కాస్త చిన్నది కాబట్టి పదేళ్ల పిల్లాడి వేళ్ల మధ్య కూడా ఇమిడిపోతుంది. తోలు బంతిని అలా మధ్యవేలితో మీటాలంటే పెద్దవాళ్లకే కీళ్లు పట్టేస్తాయి.

తోలు బంతికి నడుం చుట్టూ దారం కుట్టు ఉంటుంది. దాన్నే సీమ్ అంటారు. ఆ కుట్టును ఒక పక్కకు వంచి వేస్తే గాలి రెండు వైపులా రెండు రకాలుగా జారి బంతి వంపు తిరుగుతుంది. కుట్టు నేలకు తగిలితే పక్కకు మళ్లుతుంది. టెన్నిస్ బంతికి ఆ సౌకర్యం లేదు. నూగు తప్ప మరేం ఉండదు. పైగా తేలిక వస్తువు కదా, గాలిలోకి వెళ్లగానే వేగం తగ్గిపోతుంది. నేలకు తగిలితే ఎగిరెగిరి పడుతుంది. పుస్తకం ప్రకారం 'మంచి లెంగ్త్'లో వేశామనుకోండి, బంతి చక్కగా బ్యాట్స్‌మన్ నడుం ఎత్తుకు లేచి 'నన్ను కొట్టు' అన్నట్టు వస్తుంది. ఆ తర్వాత మేడ మీద వెతుక్కోవాల్సిందే.

కాబట్టి గల్లీ బౌలర్‌కు దారులు రెండే. వేళ్లతో ఏదో మాయ చేయాలి. లేదంటే భుజం విరిగేంత వేగంగా చెయ్యి తిప్పి, ఎగిరే అవకాశమే లేకుండా సరిగ్గా బ్యాట్స్‌మన్ పాదాల దగ్గర దించాలి. దాన్నే యార్కర్ అంటాం. శ్రీలంక మలింగ చెయ్యి పక్కకు చాచి వడిసెలలా విసిరే యార్కర్ సముద్రతీరంలో టెన్నిస్ బంతితో అలవాటైందే. గల్లీలో వంకర యాక్షన్ ఉందంటే దాని వెనక ఎప్పుడూ ఒక అవసరం ఉంటుంది. వేషాల కోసం ఎవరూ అలా వేయరు. వేస్తే రెండో బంతికే బ్యాటింగ్ వాడు బుద్ధి చెబుతాడు.

నవాబుల కప్పు, పుస్తకంలోని స్పిన్

చార్మినార్ నుంచి ఆగ్నేయంగా సంతోష్‌నగర్ వైపు వెళితే పీసల్ బండ దగ్గర పైగా సమాధులు వస్తాయి. సున్నంతో చేసిన జాలీ పనితనం చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. పాతబస్తీకి వచ్చినవాళ్లలో ఎంతమంది ఇక్కడిదాకా వస్తారో గానీ, క్రికెట్ అభిమానులు మాత్రం తప్పక రావాలి. ఎందుకంటే నిజాం తర్వాత అంతటివాళ్లనిపించుకున్న ఈ పైగా వంశంలోనివాడే నవాబ్ మొయినుద్దౌలా. 1930లో ఆయన పేరిట మొదలైన గోల్డ్ కప్ దేశంలోని మేటి ఆటగాళ్లందరినీ హైదరాబాద్‌కు రప్పించింది. సునీల్ గవాస్కర్ తన మొట్టమొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడింది బొంబాయిలో కాదు, 1966-67లో ఈ టోర్నీలోనే. అదీ వజీర్ సుల్తాన్ టొబాకో వారి కుర్రాళ్ల జట్టు తరఫున!

నవాబులు కప్పులు పెట్టారు, కాలేజీలు మైదానాలిచ్చాయి. మూసీ దాటి ఫతే మైదాన్‌కు, అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియానికి వెళితే ఆ సంప్రదాయం కళ్ల ముందు నిలుస్తుంది. 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో ఇక్కడ జరిగిన మొదటి టెస్టుకు భారత కెప్టెన్ మన హైదరాబాదీ గులాం అహ్మద్. ఆఫ్‌స్పిన్ అంటే ఎలా ఉండాలో అలా ఉండేది ఆయన బౌలింగ్. హోల్కర్ జట్టుతో 1950-51 రంజీ మ్యాచ్‌లో ఒక్క ఇన్నింగ్స్‌లోనే 92.3 ఓవర్లు వేసిన ఓపిక ఆయనది. ఆ బాటలోనే శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్ వచ్చారు. ఎడమచేత్తో వెంకటపతి రాజు. అందరూ పుస్తకంలో ఉన్న స్పిన్‌కు పుటం పెట్టినవాళ్లు. అది ఈ నగరానికి గర్వకారణమే, సందేహం లేదు. కానీ పుస్తకం అంత గట్టిగా ఉన్న చోట పుస్తకంలో లేనివాడి సంగతేమిటి?

ముంతాజ్ హుస్సేన్ పేరు ఇప్పటి పిల్లలకు తెలియదు. 1960ల ద్వితీయార్ధంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆడిన ఎడమచేతి స్పిన్నర్. మామూలు ఎడమచేతి స్పిన్ వేసేవాడు. మరుసటి బంతి మణికట్టు తిప్పి ఇప్పుడు కుల్‌దీప్ యాదవ్ వేస్తున్నట్టు వేసేవాడు. ఆ మరుసటిది దాని గూగ్లీ. విశేషమేమిటంటే మూడింటికీ చెయ్యి ఒకేలా కదిలేది. ఏది ఎటు తిరుగుతుందో కనిపెట్టడం అవతలివాడి తరమయ్యేది కాదు. విశ్వవిద్యాలయాల మధ్య జరిగే రోహింటన్ బారియా ట్రోఫీలో ఒకే సీజన్‌లో 48 వికెట్లు పడగొట్టాడు. 'మిస్టరీ స్పిన్నర్' అనే మాట అప్పటికింకా పత్రికల్లో అంతగా వాడుకలో లేదు గానీ, ఉండి ఉంటే అది మనవాడికే దక్కేది.

తర్వాత హైదరాబాద్‌కు రంజీ ఆడాడు. అక్కడ మాత్రం ఎక్కువగా మామూలు ఎడమచేతి స్పిన్నర్‌గానే మిగిలాడు. గూగ్లీలతో పరుగులు పోతాయి, మూడు రోజుల మ్యాచ్‌లో పరుగులు కట్టడి చేసేవాడు కావాలి... అప్పటి క్రికెట్ ఆలోచన అలా ఉండేది. దేశంలో మామూలు ఎడమచేతి స్పిన్‌కు కొరతా లేదు. 1966 ఆఖర్లోనే బిషన్ బేడీ భారత జట్టులోకి వచ్చేశాడు. బేడీలా వేసే ఇంకొకరికి అక్కడ చోటు లేదు. ముంతాజ్‌లా వేసేవాడు మాత్రం దేశం మొత్తం మీద ఇంకొకడు లేడు! ఆ ఒక్కటీ పక్కన పెట్టించిన తెలివిని ఏమనాలి? కుల్‌దీప్‌ను చూసినప్పుడల్లా ఈ ప్రశ్న మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది. భారత జట్టు ముంతాజ్‌కు దక్కలేదు.

బత్తాయితో వాబుల్ సీమ్

ఫతే మైదాన్ నుంచి పడమరగా మాసబ్ ట్యాంక్ మీదుగా వెళితే ఫస్ట్ లాన్సర్. భూగోళం ప్రకారం ఇది పాతబస్తీ కాదు, మూసీకి ఇవతలే. కానీ గల్లీల వెడల్పు, దక్కనీ యాస, ఈద్‌గా పక్కన మైదానం, టెన్నిస్ బంతి... అన్నీ అక్కడివే. ఆటో నడిపే మహ్మద్ గౌస్ కొడుకు సిరాజ్ ఇక్కడే బంతి పట్టాడు. తోలు బంతితో పద్ధతిగా సాధన మొదలుపెట్టేసరికి ఇరవై ఏళ్లు దాటాయి. 2015 నవంబరులో రంజీ ఆడాడు. మరుసటి సీజన్‌లో 41 వికెట్లు. 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొనుక్కుంది. నేర్పేవాళ్లు ఆలస్యంగా దొరకడం మామూలుగా దురదృష్టం. సిరాజ్ విషయంలో అది ఒకందుకు మేలు చేసిందేమో అనిపిస్తుంది. దిద్దేవాళ్లు వచ్చేసరికే ఆ చేతి వేగం, ఆ యార్కర్ ఎముకల్లో ఇంకిపోయాయి. అప్పట్లో హైదరాబాద్ జట్టుకు కోచ్‌గా ఉన్న భరత్ అరుణ్ వాటిని చెరపలేదు, వాటికే పదును పెట్టాడు.

సిరాజ్ ఇప్పుడు వేసే బంతుల్లో బ్యాట్స్‌మెన్‌ను ఎక్కువగా తికమక పెట్టేది 'వాబుల్ సీమ్'. ఇంట్లో బత్తాయి ఉంటే చేతిలోకి తీసుకోండి. దాని నడుం చుట్టూ పెన్నుతో గీత గీయండి. మామూలుగా అయితే చూపుడువేలు, మధ్యవేలు ఆ గీతకు చెరోపక్క దగ్గరదగ్గరగా ఉంటాయి. వదిలినప్పుడు గీత నిటారుగా నిలిచి తిరుగుతుంది. ఇప్పుడు ఆ రెండు వేళ్లనూ కాస్త ఎడంగా జరిపి వదలండి. గీత నిటారుగా నిలవదు, అటూ ఇటూ ఊగుతూ వెళుతుంది. క్రికెట్ బంతి అలా ఊగుతూ వచ్చి నేలను తాకినప్పుడు కుట్టు ఏ కోణంలో తగిలితే అటు పోతుంది. ఎటు పోతుందో బ్యాట్స్‌మన్‌కు తెలియదు. తమాషా ఏమిటంటే, బౌలర్‌కూ తెలియదు! పాకిస్థాన్ బౌలర్ మహ్మద్ ఆసిఫ్‌ను చూసి 2010లో ఇంగ్లండ్ ఆండర్సన్ దీన్ని నేర్చుకున్నాడు. తన బంతి లోపలికి స్వింగ్ కావడం మానేసిన రోజుల్లో సిరాజ్ దీని మీద పడి సాధించాడు. బత్తాయి మాత్రం ఇంట్లో గోడలకు దూరంగా వదలండి.

ఆ వేళ్లు ఏం చేశాయో మనమంతా చూశాం. 2020 నవంబరులో తండ్రి పోయినప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్న సిరాజ్ వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోయాడు. రెండు నెలలు తిరగకుండా బ్రిస్బేన్‌లో ఒక ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్. ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు, మొత్తం 21 పరుగులకు ఆరు. శ్రీలంక 50కి ఆలౌట్. మెండిస్ బాకీ వడ్డీతో తీరింది. 2024 జనవరిలో కేప్‌టౌన్‌లో 15 పరుగులకే ఆరు.

ఇక 2025 ఆగస్టు 4, ఓవల్. ముందురోజు హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని పట్టుకుని కూడా బౌండరీ తాడును తొక్కేశాడు సిరాజ్. 19 మీద ఉన్న బ్రూక్ 111 దాకా వెళ్లాడు. ఆఖరి రోజు పొద్దున ఇంగ్లండ్‌కు కావాల్సినవి 35 పరుగులు, చేతిలో వికెట్లు నాలుగు. అందులో మూడు సిరాజ్ తీశాడు. చివరిది అట్కిన్సన్‌ది. ఆరు పరుగులతో సిరీస్ సమం చేసిన ఆ బంతి వాబుల్ సీమ్ కాదు. నేరుగా పాదాల దగ్గర దిగి వికెట్‌ను లేపేసిన యార్కర్. ఎగిరే టెన్నిస్ బంతిని ఎగరనీయకుండా వేయడం ఎలాగో ఫస్ట్ లాన్సర్‌లో నేర్చుకున్నవాడికి, ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో చెయ్యి దానంతటదే అటు పోయిందంటే ఆశ్చర్యమేముంది!

మోచెయ్యి తగాదా

గల్లీ ప్రయోగాలన్నీ మెచ్చుకోదగ్గవేం కాదు. మూడడుగుల పరుగుతో వేగం రావాలంటే చాలామంది మోచెయ్యి వంచి విసిరేస్తారు. అంతర్జాతీయ క్రికెట్‌లో 2005 నుంచి మోచెయ్యి 15 డిగ్రీల దాకా నిటారు కావచ్చు, అది దాటితే తప్పు. గల్లీలో డిగ్రీలు కొలిచేదెవరు? బ్యాటింగ్ జట్టువాడే అంపైర్ కాబట్టి వికెట్ పడితే 'త్రో', పడకపోతే సరైన బంతి. పదిహేనేళ్లు వచ్చేదాకా అలా విసిరిన చేతిని తర్వాత తిన్నగా చేయడం చాలా కష్టం. తేలిక బంతిని పొద్దస్తమానం బలంగా విసిరితే భుజం కూడా దెబ్బతింటుంది. పిల్లల చేతిలో వింత బంతి చూసిన తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం గమనిస్తే చాలు. వేళ్లు ఎలాగైనా మడవనివ్వండి, మోచెయ్యి సంగతి మాత్రం చూడండి.

రంజాన్ రాత్రులు

ఇదంతా పండగలా చూడాలంటే రంజాన్ నెలలో రండి. ఇఫ్తార్ అయ్యాక హలీం తిని, నమాజు ముగించుకుని కుర్రాళ్లు రోడ్డెక్కుతారు. ఫ్లడ్‌లైట్ల కింద టెన్నిస్ బంతి టోర్నీలు సహరీ వేళ దాకా సాగుతాయి. సిటీ కాలేజీ పక్కనున్న కులీ కుతుబ్ షా స్టేడియం, మొఘల్‌పురా మైదానం, పేరులేని గల్లీలు... ఎక్కడ చూసినా ఆటే. కారును మదీనా చౌరస్తాకు ఇవతలే వదిలేసి నడవండి. ఇరానీ చాయ్ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుంటే ఎవరూ ఏమీ అనరు. బంతి మీ దగ్గరకొస్తే తిరిగి విసరాలి, అంతే రుసుము.

ఈమధ్య అక్కడ కొత్త పిచ్చి మొదలైంది. పిల్లలకు వాబుల్ సీమ్ కావాలి. టెన్నిస్ బంతికి కుట్టెక్కడిది? అందుకని కరెంటు పనివాళ్లు వాడే ఎర్ర టేపును సన్నగా చించి బంతి నడుం చుట్టూ రెండు మూడు వరసలు చుడుతున్నారు. వేళ్లు ఎడంగా పెట్టి విసురుతున్నారు. బంతి ఊగుతూనే వెళుతోంది. రెండు ఓవర్లకల్లా టేపు ఊడి వేలాడుతుంది. బౌలర్ దాన్ని పళ్లతో కొరికి పారేసి, జేబులోంచి చుట్ట తీసి మళ్లీ చుడతాడు. అందాకా బ్యాట్స్‌మన్ ఆగాల్సిందే.